వేసవిలో విశాఖ, మూడు రోజులు: ఏ రైలు, ఎక్కడ బస, ఏ బీచ్, అరకు కలపాలా వద్దా

మే నెలలో ఫోన్ తీసి చూస్తే హైదరాబాద్ 41, విశాఖపట్నం 35 అని ఉంటుంది. ఆరు డిగ్రీలు తక్కువే కదా అని బయల్దేరినవాళ్ళకు స్టేషన్ బయట ఆటో బేరం తెగేలోపే చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. అంకె తక్కువున్నా ఉక్కపోత చంపేస్తుంది. రాత్రి కూడా పెద్దగా ఊరటేమీ ఉండదు.

అందుకని వేసవి విశాఖలో రోజును రెండు ముక్కలుగా లెక్కేసుకోవాలి. పొద్దున 5:30 నుంచి 9:30 దాకా ఒకటి, సాయంత్రం 4:30 నుంచి 9 దాకా ఇంకొకటి. మధ్యలో ఏడు గంటలు నీడపట్టున గడపాల్సిందే. రెండు రాత్రుల ట్రిప్పులో ఇలాంటి పనికొచ్చే ముక్కలు నాలుగో ఐదో చేతికొస్తాయి. రైలైనా హోటలైనా బీచ్ అయినా ఎన్ని ముక్కలు మిగులుస్తుందో, ఎన్ని మింగేస్తుందో చూసి ఎంచుకోండి. ధర తేడా ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఏ రైలు

సికింద్రాబాద్ నుంచి రైలు దారి దాదాపు 700 కిలోమీటర్లు. రాత్రి రైళ్ళలో గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఐదు ప్రాంతంలో నాంపల్లిలో బయల్దేరి మర్నాడు ఆరు కాకముందే విశాఖలో దింపుతుంది. గరీబ్‌రథ్ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో సికింద్రాబాద్ వదిలి ఏడున్నర దాటాక చేరుతుంది. కాగితం మీద చూస్తే గోదావరిదే గెలుపు, మొదటి పొద్దు మొత్తం మీ చేతిలో ఉంటుంది. తీరా చిక్కంతా హోటల్ దగ్గర. చాలా హోటళ్ళు గది ఇచ్చేది మధ్యాహ్నం 12కు. ఆరింటికి దిగి, పిల్లలతో, సూట్‌కేసులతో లాబీలో ఆరు గంటలు కూర్చుంటే మొదటి రోజు అక్కడే అయిపోయినట్టు. రాత్రి రైలు ఎంచుకుంటే బస కూడా దానికి తగ్గట్టే ఉండాలి. దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కేసే లాడ్జీ అయినా చూసుకోండి, పొద్దున్నే గది ఇస్తామని హోటల్‌వాళ్ళు రాతపూర్వకంగా చెప్పిన మెసేజ్ అయినా చేతిలో ఉంచుకోండి. “వచ్చాక చూద్దాం సార్” అన్న మాట మే నెలలో చెల్లదు.

వందే భారత్‌లు రెండున్నాయి. 2023 జనవరిలో మొదలైనది మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయల్దేరి రాత్రి పదకొండు దాటాక విశాఖ చేరుతుంది. 2024 మార్చిలో వచ్చినది తెల్లవారుజామున ఐదుకు బయల్దేరి మధ్యాహ్నం రెండు లోపు దింపుతుంది. ఒక్కోదానికి వారంలో ఒక సెలవు రోజు ఉంది, తేదీ ఖాయం చేసుకునే ముందు అది చూసుకోండి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు తెల్లవారుజామున బయల్దేరేదే మేలు. నిద్ర పాడైనా రైల్లో తీరుతుంది. దిగేసరికి గది ఇచ్చే వేళ దాటి ఉంటుంది, ఎండ మండే గంటలు ఏసీ బోగీలో గడిచిపోతాయి, నాలుగున్నరకల్లా బీచ్‌కు సిద్ధం. మధ్యాహ్నం బండి ఎక్కితే కేవలం పడుకోవడానికి ఒక రాత్రి గది అద్దె అదనం. కాకపోతే మర్నాడు పొద్దుటి ముక్క పూర్తిగా దక్కుతుంది.

ఖర్చు లెక్కలో చాలామంది పొరపడేది పిల్లల టికెట్టు దగ్గర. 5 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. వందే భారత్ లాంటి చైర్‌కార్ రైళ్ళలో ‘సీటు వద్దు’ అనే వెసులుబాటు లేదు, పూర్తి టికెట్టే. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఆ ఒక్క తేడాతోనే రాత్రి రైలు బాగా చవక అవుతుంది.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. పాత 120 రోజుల లెక్క 2024 నవంబరుతో పోయింది. రెండు రాష్ట్రాల్లోనూ బడి సెలవులు ఏప్రిల్ చివరి వారంలోనే మొదలవుతాయి కాబట్టి మే నెల టికెట్లకు మార్చిలోనే కూర్చోవాలి. అప్పటికి పరీక్షలు కూడా అయి ఉండవు. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ప్రయాణానికి ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి. ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే చేయించుకోకపోతే ఆ సమయానికి ఏమీ చేయలేరు.

ఇంకో మాట. విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన రైలు ఇంజను మార్చుకుని వచ్చిన దిక్కుకే తిరిగి వెళ్ళాలి. ఆ సమయం ఆదా చేయడానికి కొన్ని దూరప్రాంత రైళ్ళు ఊళ్ళోకి రాకుండా దువ్వాడలో ఆగి పోతాయి. దువ్వాడ నుంచి బీచ్ రోడ్డుకు 20 కిలోమీటర్ల పైమాటే, అదీ గాజువాక ట్రాఫిక్‌లో. టికెట్టు మీద దిగే స్టేషన్ పేరు చదవండి. ఎక్కే స్టేషన్ కూడా చదవండి, చర్లపల్లి నుంచి బయల్దేరే రైళ్ళు ఇప్పుడు పెరిగాయి.

విజయవాడ వాళ్ళకు ఈ తలనొప్పి లేదు. పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి విశాఖలో ఉంటారు.

విమానం గంటంపావే. ముందుగా కొంటే సెకండ్ ఏసీకి దగ్గరగా దొరికే రోజులుంటాయి గానీ సెలవుల్లో నలుగురికి కలిపి చూస్తే అరుదు. టికెట్టు మీద విమానాశ్రయం ఏదో తప్పక చూసుకోండి. పాతది నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో, ఊరికి దగ్గర. కొత్తది భోగాపురంలో, ఊరికి 45 కిలోమీటర్ల దూరం. భోగాపురంలో దిగేవాళ్ళకు భీమిలి, రుషికొండ బసలు దగ్గరవుతాయి, స్టేషన్ పక్క లాడ్జీలు దూరమవుతాయి.

సొంత కారు 620 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే పన్నెండు గంటలు. అన్నవరంలో దర్శనం చేసుకుని, అక్కడో రాజమండ్రిలోనో ఒక రాత్రి ఉండే ఉద్దేశం ఉంటేనే దీని గురించి ఆలోచించండి. మూడు రోజుల ట్రిప్పుకు నేరుగా కారులో వెళ్ళిరావడం అంటే రెండు రోజులు డ్రైవింగ్‌కే సమర్పణ.

ఎక్కడ దిగాలి

మూడు ప్రాంతాలు. స్టేషన్, దొండపర్తి, ఆర్టీసీ కాంప్లెక్స్, డాబాగార్డెన్స్ ఒకటి. ఆర్కే బీచ్ నుంచి లాసన్స్ బే దాకా బీచ్ రోడ్డు రెండోది. సాగర్‌నగర్, రుషికొండ, అక్కణ్ణుంచి భీమిలి దారి మూడోది.

మొదటిది చవక. టిఫిన్ల నుంచి మందుల షాపు దాకా అన్నీ కాలినడక దూరంలో ఉంటాయి, 24 గంటల లెక్క లాడ్జీలు ఎక్కువ. సముద్రం నాలుగైదు కిలోమీటర్లు. పెద్దవాళ్ళు తెల్లవారుజామున లేస్తారు గానీ, ఐదున్నరకు పిల్లల్ని లేపి, తయారుచేసి, ఆటో పిలిచి వెళ్ళేసరికి ఏడవుతుంది. పొద్దుటి ముక్కలో మూడో వంతు పోయినట్టే.

బీచ్ రోడ్డులో గది అద్దె ఎక్కువే, కానీ కొనుక్కునేది ఆ ముక్కనే. లేచిన పది నిమిషాల్లో ఇసుకలో ఉంటారు, ఎండెక్కగానే వెనక్కి వచ్చి స్నానం చేస్తారు. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు, పిల్లలు నడిరోడ్డు మీద సైకిలు తొక్కుకోవచ్చు. అదే సమయానికి సింహాచలానికి క్యాబ్ పిలిచారనుకోండి, అది హోటల్ ముందుకు రాలేదు, వెనక వీధిలోకి మీరే నడవాలి.

‘సీ వ్యూ’ గదికి అదనంగా కట్టే ముందు ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ సముద్రం తూర్పున. మేలో సూర్యుడు ఐదు ఇరవైకల్లా వచ్చేస్తాడు, పది దాకా ఆ గాజు కిటికీలోంచి ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. పలచటి తెర ఉన్న గదిలో ఏసీ ఎంత తిప్పినా మధ్యాహ్నానికి గోడ వేడిగానే ఉంటుంది. బుక్ చేసేటప్పుడు మందపాటి తెరలున్నాయా అని అడగండి. సూర్యాస్తమయం మాత్రం గదిలోంచి కనిపించదు. సూర్యుడు ఊరి వెనక, కొండల మీద దిగుతాడు. దానివల్ల ఒక లాభం ఉంది. ఐదున్నర దాటితే ఇసుక మీద భవనాల నీడ పడి బీచ్ తొందరగా చల్లబడుతుంది.

రుషికొండ వైపు రిసార్టుల్లో ఈత కొలను, స్థలం, ప్రశాంతత. మిట్టమధ్యాహ్నపు ఏడు గంటలు గడపడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ స్టేషన్ నుంచి 13, 14 కిలోమీటర్లు, భోజనానికి రిసార్టు ధరలే దిక్కు, రాత్రి తొమ్మిది దాటాక ఊళ్ళోంచి తిరిగి రావడానికి యాప్ క్యాబ్‌లు వెంటనే దొరకవు. ఊరు చూడాలన్న కోరిక లేకుండా నీళ్ళలోనే ఉండే పిల్లలుంటే ఇది తీసుకోండి. మూడు తరాలు కలిసి వెళ్తుంటే బీచ్ రోడ్డే, లేదా దాని వెనకే ఉన్న ఎంవీపీ కాలనీలో వంటగది ఉన్న ఫ్లాటు. పసిపిల్లకు పాలు, మామగారికి పెరుగన్నం వేళకు అందుతాయి. లిఫ్టు ఉందో లేదో మాత్రం ఫోన్‌లో కాదు, ఫొటోలో చూపించమనండి.

ఏ బీచ్‌లో ఏం చేయాలి

ఆర్కే బీచ్ చూడటానికి, నడవటానికి. స్నానానికి కాదు. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేయగానే లోతు ఒక్కసారి పెరుగుతుంది, వెనక్కి పోయే అల కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది. నాచు పట్టిన రాళ్ళు కూడా ఉన్నాయి. ఏటా ఇక్కడ మనుషులు కొట్టుకుపోతూనే ఉంటారు, వాళ్ళలో ఎక్కువమంది బయటి ఊళ్ళవాళ్ళు. మోకాళ్ళ దాకా తడిస్తే చాలు అనుకోండి.

స్నానం చేయాలంటే రుషికొండ. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇది. స్నానానికి హద్దు గీసిన చోటు, లైఫ్‌గార్డులు, దుస్తులు మార్చుకునే గదులు ఉన్నాయి. లైఫ్‌గార్డు విజిల్ వేసే చోటు దాటకండి, దాటితే ఇదీ మామూలు బంగాళాఖాతమే. పొద్దున వెళ్ళండి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పెరిగి అలలు రేగుతాయి, సాయంత్రానికి జనమూ రేగుతారు.

నీళ్ళలో దిగే ముందు ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు చూడాలి. పక్కపక్కన అలలు విరిగి తెల్లగా నురగ వస్తూంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, నున్నగా, కాస్త బురద రంగులో కనిపిస్తుంది. అక్కడ సముద్రం శాంతంగా ఉందనుకుని పిల్లల్ని అక్కడే దింపుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది, మనిషిని కూడా తీసుకుపోతుంది. దాంట్లో చిక్కితే ఒడ్డు వైపు ఈది అలసిపోకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్న చోటికి వచ్చాక అలతో పాటు బయటికి రావాలి.

యారాడ అందంగా ఉంటుంది, డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి వెళ్ళాలి. చిన్నపిల్లలుంటే వద్దు. అల బలం ఎక్కువ, పిలిస్తే పలికేవాళ్ళు తక్కువ. భీమిలిలో జనం పలచగా ఉంటారు, పాత డచ్చి సమాధులు, లైట్‌హౌస్ చూడొచ్చు. గోస్తని నది సముద్రంలో కలిసే చోట మాత్రం దిగొద్దు, ఇసుకదిబ్బలు జరుగుతూ నిన్నటి లోతు ఇవాళ ఉండదు. భీమిలి దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు. ఫొటోలు చూసి అందరూ సాయంత్రం అనుకుంటారు గానీ అక్కడ నీడ అనేదే తక్కువ, పగలంతా కాగిన మట్టి ఐదింటికీ సెగలు కక్కుతుంది. పొద్దున ఆరింటికి వెళ్ళి ఏడున్నరకల్లా బయటపడితే బాగుంటుంది.

మిట్టమధ్యాహ్నం, సాయంత్రం

కురుసుర జలాంతర్గామి మ్యూజియం వేసవికి సరిగ్గా సరిపోతుంది. మంగళవారం నుంచి శనివారం దాకా మధ్యాహ్నం రెండు నుంచే తెరుస్తారు, ఆదివారం పొద్దున కూడా ఉంటుంది, సోమవారం సెలవు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి ఇది, మరుసటి ఏడు మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి, కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, బాగా లావుగా ఉన్నవాళ్ళు ఇబ్బంది పడతారు. వెనకాల వరుస తోసుకొస్తుంటుంది కాబట్టి మధ్యలో ఆగడం కుదరదు. వాళ్ళను ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం దగ్గరికి పంపండి. మూడింటికి వెళ్తే వరుస చిన్నది, ఆరింటికి పెద్దది.

సాయంత్రం ముక్క ఒకటి కైలాసగిరికి ఇవ్వొచ్చు. రోప్‌వేలో ఎక్కి, పైన బొమ్మరైలు తిరిగి, చీకటి పడేలోపు తీరమంతా చూసి దిగడం. ఆదివారం మాత్రం రోప్‌వే వరుసలోనే చీకటి పడుతుంది. జూ పార్కు సోమవారం మూత. మిగతా రోజుల్లోనూ వేసవిలో పదకొండు దాటితే జంతువులన్నీ పడుకునే ఉంటాయి, నడక మాత్రం మీకు మిగులుతుంది.

సింహాచలానికి పొద్దున్నే వెళ్ళాలి. కారణం వరుస ఒక్కటే కాదు. పది దాటితే రాతి నేల కాలిపోతుంటుంది, చెప్పులుండవు. వైశాఖ శుద్ధ తదియ నాడు చందనోత్సవం. ఏడాది పొడవునా చందనంలో ఉండే స్వామి నిజరూపం కనిపించేది ఆ ఒక్క రోజే. ఏప్రిల్ చివర్లోనో మేలోనో వస్తుంది. దర్శనం కోసమే వెళ్తే సరే, లేకపోతే ఆ తేదీకి అటూఇటూ రెండు రోజులు తప్పించి ట్రిప్పు పెట్టుకోండి. ఊళ్ళో గదులూ దొరకవు, రైళ్ళూ దొరకవు.

అరకు సంగతి

అన్నిటికన్నా ఎక్కువ గొడవ జరిగేది దీని మీదే. మూడు రోజుల ట్రిప్పులో అరకు వద్దనే మా సలహా. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, మే పగటిపూట అక్కడా ఎండే. ఊటీ అనుకుని వెళ్తే నిరాశ. కటికి, చాపరాయిల్లో నీళ్ళు సన్నగా పారుతుంటాయి. అరకు అందమంతా అక్టోబరు నుంచి జనవరి దాకా. ఒక్క రోజులో వెళ్ళిరావాలంటే పొద్దున ఏడుకు ముందే రైలు, నాలుగు గంటల పైన ప్రయాణం, మధ్యాహ్నం బొర్రా గుహలు, రాత్రి తొమ్మిదికి ఘాట్ రోడ్డు దిగి ఊళ్ళోకి. రెండు ముక్కలూ అందులోనే కరిగిపోతాయి.

నాలుగు రోజులుండి పిల్లలు ఆరేళ్ళు దాటినవాళ్ళైతే కలపండి, ఒక రాత్రి అక్కడ పడుకునేటట్టు. వెళ్ళేటప్పుడు కిరండూల్ రైల్లో అద్దాల విస్టాడోమ్ బోగీ, వచ్చేటప్పుడు కారు. ఈ దారిలో సొరంగాలే యాభైకి పైగా, అరకుకు కాస్త ముందు వచ్చే శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను ఇది, మన సరదా దానికి అదనపు ఆదాయం. విస్టాడోమ్ సీట్లు రిజర్వేషన్ తెరిచిన తొలి రోజుల్లోనే అయిపోతాయి. దొరక్కపోతే మామూలు స్లీపర్ కిటికీ చాలు, గాలైనా తగులుతుంది.

బొర్రా గుహల్లో లోపల చల్లగానే ఉంటుంది. కానీ మెట్లు వందల్లో ఉన్నాయి, తడిగా ఉంటాయి. దిగడం తేలిక, తిరిగి ఎక్కడం దగ్గర పెద్దవాళ్ళు చతికిలబడతారు. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. బయట కోతులుంటాయి, చేతిలో తినుబండారాల సంచి ఉంచుకోకండి. శృంగవరపుకోట దాటాక మలుపుల్లో పిల్లలకు వాంతులు మామూలే. కడుపు నిండా కాకుండా ఇడ్లీ లాంటిది పెట్టి, కిటికీ తెరిచి, దూరంగా కొండను చూడమనాలి, చేతిలో ఫోన్ ఇవ్వకూడదు. మాత్ర వేయాలంటే బయల్దేరేముందే డాక్టర్ని అడిగి వేయండి.

తిండి, బండి

వేసవిలో విశాఖ వెళ్ళి వంజరం పులుసు తినాలని కలలు కనేవాళ్ళకు చేదు కబురు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. తెప్పల మీద దగ్గర్లో పట్టినవి కొన్ని, చెరువు చేపలు, రొయ్యలు, మిగతావి ఐసులో ఉన్నవి. పెద్ద చేప తాజాదే అని ఎవరైనా గట్టిగా చెప్తే ధర రెట్టింపు అయిందా అని చూడండి, కాకపోతే అది ఐసుదే. ఈ కాలంలో రొయ్యలు అడగడం తెలివైన పని. బీచ్‌లో మురీ మిక్చర్, తాటి ముంజలు ఉండనే ఉన్నాయి. ముంజ కొనేటప్పుడు బొటనవేలితో నొక్కితే లోపల నీళ్ళు కదలాలి, గట్టిగా ఉంటే ముదిరిపోయింది.

కొబ్బరి బొండం మంచిదే కానీ చెమటలో పోయిన ఉప్పుకు అదొక్కటే చాలదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు పెట్టుకోండి, పెద్ద ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్ళకు ఒకటి. సగం సీసాలో మొత్తం పొడి పోసి పిల్లలకు పట్టడం చాలామంది చేసే తప్పు, దానితో మేలు కన్నా కీడెక్కువ.

తిరగడానికి రోజంతా కారు మాట్లాడుకోవడం అలవాటు, సాధారణంగా 8 గంటలు, 80 కిలోమీటర్ల లెక్కన. వేసవిలో ఇది దండగ. ఆ ఎనిమిది గంటల్లో సగానికి పైగా కారు హోటల్ కింద నిలబడే ఉంటుంది. ఊళ్ళో తిరగడానికి ఆటోలు, యాప్ క్యాబ్‌లు చాలు. సింహాచలం, భీమిలి దారికి మాత్రం సగం రోజుకు, పొద్దున ఐదున్నర నుంచి పదిన్నర దాకా అని ముందే మాట్లాడుకోండి. బీచ్ రోడ్డులో బ్యాటరీ డబుల్ డెక్కర్ బస్సు ఉంది, పైన తెరిచిన అంతస్తు సాయంత్రానికి మాత్రమే పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలైంది, కానీ గుర్తింపు కార్డులో ఏపీ చిరునామా ఉండాలి. హైదరాబాద్ ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్టు కొడతాడు.

రోజులు పేర్చుకోవడం

మంగళవారం వెళ్ళి గురువారం తిరిగి వచ్చేలా పెట్టుకుంటే సోమవారం సెలవులూ, ఆదివారపు జనమూ రెండూ తప్పుతాయి. మొదటి రోజు మధ్యాహ్నం దిగి, సాయంత్రం ఆర్కే బీచ్, కురుసుర. రెండో రోజు తెల్లవారుజామున ఎర్రమట్టి దిబ్బలు, అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ ఎనిమిదింటికి రుషికొండలో స్నానం, పదింటికి గది, సాయంత్రం కైలాసగిరి. మూడో రోజు పొద్దున సింహాచలం, లేదా పిల్లలు మళ్ళీ నీళ్ళే అంటే నీళ్ళే.

తిరుగు ప్రయాణానికి, ఆ రోజు దానికి సెలవు కాకపోతే, మధ్యాహ్నం రెండు దాటాక విశాఖలో బయల్దేరే వందే భారత్ అన్నిటికన్నా అనుకూలం, చివరి పొద్దు కూడా దక్కుతుంది. రాత్రి పదకొండు దాటాక సికింద్రాబాద్ చేరుతుంది కాబట్టి అక్కణ్ణుంచి ఇంటికి బండి ముందే చూసుకోండి. గది 12కు ఖాళీ చేసి స్టేషన్‌లో రెండు గంటలు ఉక్కలో కూర్చోకుండా, హోటల్ రెస్టారెంట్‌లోనే భోజనం చేసి ఒకటిన్నరకు కదలండి. తడి బట్టలు, ఇసుక నిండిన చెప్పులు వేరే ప్లాస్టిక్ సంచిలో కట్టండి. మాడుగుల హల్వా కొంటే నేతి డబ్బా నిలువుగా, బట్టలకు దూరంగా పెట్టండి, ఎండకు నెయ్యి కరిగి మూత సందులోంచి కారుతుంది.